‘అది ఫేజ్ టూలో చూద్దాం’: సాటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక బహిరంగ లేఖ

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మధురవాడల్లో కూర్చున్నవాళ్లకూ, బెంగళూరు వెళ్లిపోయినవాళ్లకూ, డాలస్‌లో రాత్రి కాల్ అయ్యాక ఇది చదివేవాళ్లకూ నమస్కారం.

నిజానికి ఈ లేఖ ప్రభుత్వానికి రాద్దామని మొదలుపెట్టాను. ‘గౌరవనీయులైన’ అని రాసి, రెండు పేరాలు లాగి, ఆపేశాను. ప్రభుత్వానికి వెళ్లిన అర్జీ ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో అందరికీ తెలిసిందే గానీ, నేను ఆపింది అందుకు కాదు. నాకు కావలసిన జవాబులు వేరు. మన వీధుల్లో మొహాలు పోల్చే కెమెరా ఎంత శాతం పోలిక ఉంటే మనిషిని ఆపమంటుంది, ఆ శాతం ఎవరు పెట్టారు, తప్పు మనిషిని ఆపితే ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి, తీసిన ఫోటో ఎన్నాళ్లు ఉంటుంది. వీటిలో చాలావాటికి సచివాలయంలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. మనం పనుల టికెట్లు రాసుకునే జీరా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. మనలోనే ఎవరో ఒకరు, సాయంత్రం ఆరింటి క్యాబ్ తప్పిపోతుందన్న తొందరలో, ఆ శాతం 80 అని కొట్టి కమిట్ చేసి వెళ్లిపోయి ఉంటారు. అందుకని మీకే రాస్తున్నాను. నేనూ ఆ బాపతే కాబట్టి ఇందులో తిట్లేమైనా ఉంటే సగం నావే.

2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని నవంబరు 28న టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశం బయటపడింది. జనం గోల చేశారు, డిసెంబరు 3న ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. రెండోది మనకు నేరుగా తగిలింది. హెచ్‌1బీ, హెచ్‌4 వీసా అడిగేవాళ్లంతా తమ సోషల్ మీడియా ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టాలని, డిసెంబరు 15 నుంచి వాటిని చూశాకే వీసా సంగతి అని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. వీసా స్టాంపింగ్‌కని అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కుపోయారు, అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. మా వాట్సాప్ గ్రూపులో ఒకతను ఎప్పుడో కాలేజీ రోజుల్లో పెట్టిన పోస్టులు తీసేయాలా, తీసేస్తే అది ఇంకా అనుమానమా అని రాత్రి రెండింటికి అడుగుతున్నాడు. ‘నా ఇంటి ఫోటోలు వాళ్లెందుకు చూడాలి, నేనేమన్నా దొంగనా’ అని ఒకమ్మాయి రాసింది. న్యాయమైన మాటే. ఎవరూ ఆమెతో ‘తప్పు చేయనప్పుడు భయమెందుకు’ అనలేదు.

ఆ గ్రూపులోనే, సుమారుగా ఆ జనమే, 2021 అక్టోబరులో ఇంకో రకంగా మాట్లాడారు. హైదరాబాద్‌లో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అనే మాట వెతికిన వీడియో అప్పుడు వచ్చింది. మావాళ్లలో ఒకాయన కింద బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన ‘మంచి పని’ అన్నాడు. నేను చూసి ఊరుకున్నాను. ఆ రోడ్డు మన రోడ్డు కాదు, ఆ కుర్రాళ్లు మన కుర్రాళ్లు కారు, అంతే కదా. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ ముందు నిలబడ్డ రోజున మనకు ప్రైవసీ గుర్తొచ్చింది.

హైదరాబాద్ ఎంత కెమెరాల ఊరో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజాభద్రత చట్టం ప్రకారం, ఒకేసారి వందమందో రోజుకు ఐదొందలమందో వచ్చే చోటల్లా యజమాని కెమెరా పెట్టుకోవాలి, ఫుటేజీ నెల రోజులు దాచాలి, అడిగితే ఇవ్వాలి. తర్వాత ‘నేను సైతం’ అని కాలనీలవాళ్ల చేతా చందాలు వేయించి కెమెరాలు పెట్టించారు. మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఇచ్చాం, రసీదు ఉంది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. ఆ అద్దాల టవర్లు చూస్తే మన ఆఫీసేమో అనుకుంటాం, లోపల గోడంతా తెరలు, ఆ తెరల వెనక మనలాంటివాళ్లే రాసిన డాష్‌బోర్డులు.

అంతకు ఏడాది ముందు, 2021 మే లాక్‌డౌన్‌లో, పాతబస్తీ వైపు ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫోటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాస్తారు అని ఆయన నోటీసు పంపాడు. జవాబు లేదు. హైకోర్టుకు వెళ్లాడు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఒక్క ఫోటో గురించి అంత దూరం వెళ్లే మనిషి లక్షలో ఒకడుంటాడు. మిగిలినవాళ్లం మాస్కు కిందికి లాగి, నవ్వి, ఇంటికెళ్లిపోతాం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తెలంగాణ పోలీసుల దగ్గర ‘దర్పణ్’ అని మొహాలు పోల్చే పనిముట్టు ఒకటి ఉంది. తప్పిపోయిన పిల్లల ఫోటోల్ని, హోముల్లో ఉన్న పిల్లల ఫోటోలతో పోలుస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన పిల్లవాడు ఐదేళ్ల తర్వాత అస్సాంలో ఒక హోంలో ఉన్నాడని అదే కనిపెట్టింది. ఆ తల్లిదండ్రులు ఆ పిల్లాణ్ని చూసిన రోజున అక్కడెవరైనా ప్రైవసీ గురించి ఉపన్యాసం మొదలుపెడితే నేనే నోరు మూయిస్తాను. ఆ కోడ్ రాసినవాళ్లకు దండం పెడతాను. అయితే అక్కడ ఏం జరిగిందో చూడండి. మిషన్ ‘వీడేమో’ అంది, మనుషులు వెళ్లి చూశారు, అమ్మానాన్నలు పోల్చుకున్నారు, అప్పుడు ఇంటికి పంపారు. మిషన్ తప్పయి ఉంటే ఒక ఫోన్ కాల్ దండగ, అంతే. అదే మిషన్‌ను చార్మినార్ దగ్గర స్తంభానికి కట్టి, పోతున్నవాళ్లందరి మొహాలూ పాత నేరస్తుల జాబితాతో పోల్చమంటే లెక్క మారిపోతుంది. రోజుకు లక్ష మొహాలు అనుకుందాం. మన స్లైడ్‌లో 99.9 శాతం కరెక్ట్ అని వేస్తాం, క్లయింట్ తల ఊపుతాడు. వెయ్యికి ఒక్క తప్పు. అంటే రోజుకు వందమంది. పనికి పోయేవాడు, ఆస్పత్రికి పోయేది, ఇంటర్వ్యూకి పోయేవాడు, ఎవరైనా కావచ్చు. ఆ వందమంది దగ్గరికి వచ్చేది ఫోన్ కాల్ కాదు, కానిస్టేబుల్. ఇంటర్ చదివినవాడికి కూడా తెలిసే లెక్క ఇది. డెమో రోజున మాత్రం మనలో ఎవరూ వేయం.

ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలిక దాటితే దొరికినట్టే లెక్క వేస్తారని 2022లో సమాచార హక్కు కింద బయటపడింది. ఆ 80 ఎక్కణ్నుంచి వచ్చిందంటే ఎవరూ చెప్పరు. గుండ్రంగా ఉంది కాబట్టి పెట్టి ఉంటారు, నేనైతే అదే చేసి ఉండేవాణ్ని. ఢిల్లీలోనే, పిల్లల్ని వెతకడానికి తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఆడపిల్లనీ మగపిల్లాణ్నీ కూడా వేరు చేయలేకపోతోందని 2019లో కేంద్ర ప్రభుత్వ శాఖే హైకోర్టుకు చెప్పుకుంది.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కిందట నేనూ ఇలాంటి పని చేశాను. ఏ రాష్ట్రమో, ఏ శాఖో, ఏ కంపెనీయో చెప్పను. పెద్ద కంపెనీకి కాంట్రాక్టు, వాళ్ల కింద సబ్‌కాంట్రాక్టు, దాని కింద మేం తొమ్మిదిమందిమి. పని చెప్పడానికి తేలిక. ఒక పక్క ప్రభుత్వ సాయం అందుకుంటున్నవాళ్ల జాబితా. ఇంకో పక్క బండ్ల రిజిస్ట్రేషన్లు, కరెంటు మీటర్లు, ఆస్తి పన్ను, ఉద్యోగుల జాబితాలు. ఇందులో ఉన్న మనిషీ అందులో ఉన్న మనిషీ ఒకరేనా కాదా అని మిషన్ చెప్పాలి. ఒకరే అయితే, కారుంది కాబట్టి సాయం కట్.

మన పేర్ల సంగతి మీకు తెలియనిదా! ఇంటిపేరు ఒక జాబితాలో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది, మూడోదాంట్లో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది, నాలుగోదాంట్లో అసలే ఉండదు. వెంకటేశ్వర్లుని ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాశారో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక విసుగొచ్చి మానేశాను. మహమ్మద్ ఒకచోట ఎండీ, ఇంకోచోట పూర్తి పేరు, దానికి ఆరేడు స్పెల్లింగులు. తండ్రి పేరు అని ఉన్న గడిలో పెళ్లయిన ఆడవాళ్లకు భర్త పేరు ఉంటుంది, ఒక్కోసారి మామగారి పేరు కూడా. పుట్టినరోజు చూసి తేల్చుకుందామా అంటే, మా నాన్న తరానికి బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసిందే పుట్టినరోజు. సగం ఊరు జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టింది, బడి మొహం చూడనివాళ్లంతా ఆధార్‌లో జనవరి ఒకటిన పుట్టారు.

దీని మీద మేము వేసిన లెక్కలు ఏమిటంటే, వందేళ్ల కిందట అమెరికాలో అక్కడి పేర్ల కోసం తయారైన, పలికే తీరుతో పేర్లు పోల్చే సౌండెక్స్ ఒకటి, రెండు మాటల మధ్య ఎన్ని అక్షరాలు తేడానో చూసేది ఒకటి. వెంకటరమణ, వెంకటరమణమ్మ అని ఇంగ్లిషులో రాసి చూడండి. సౌండెక్స్‌కు రెండూ ఒకే పేరు, ఎందుకంటే అది మొదటి అక్షరం, తర్వాత మూడు హల్లులు చూసి ఆగిపోతుంది. అక్షరాల లెక్కలో పదహారింట్లో మూడే తేడా, అంటే 81 శాతం పోలిక. మా గీత 80 దగ్గర ఉంది. దాటింది. ఆయన మగమనిషి, ఆమె ఆడమనిషి, ఆయన ఒక మండలం, ఆమె ఇంకో మండలం, మిషన్‌కు అవేమీ పట్టవు. ఆడా మగా అనే కాలమ్ సగం ఖాళీగా ఉందని మేమే దాన్ని లెక్కలోంచి తీసేశాం.

ఒక మధ్యాహ్నం కూర్చుని కొన్ని వరుసలు చేత్తో చూశాను. పేజీకి ఒకటో రెండో తప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. తర్వాతి రోజు మీటింగులో అడిగాను, తప్పు పడ్డ మనిషి వచ్చి ‘నాకు కారు లేదయ్యా’ అని చెప్పుకోవడానికి ఒక స్క్రీన్ ఉండాలి కదా సార్ అని. శాఖ తరఫున వచ్చినాయన మంచివాడే, మర్యాదగానే అన్నాడు: ‘మంచి పాయింట్. అది ఫేజ్ టూలో చూద్దాం.’ మా టీమ్ లీడ్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. మంత్రిగారి డెమో పది రోజుల్లో ఉంది మరి. ఆ అప్పీల్ స్క్రీన్‌కు టికెట్ ఒకటి తెరిచారు, నా పేరు మీదే వేశారు. ఆ ఏడాది నా అప్రైజల్ బాగానే వచ్చింది.

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉందంటే ఇదే. మనిషిని పట్టుకునే స్క్రీన్ ఫేజ్ వన్‌లో ఉంటుంది, పట్టుబడ్డ మనిషి బయటపడే స్క్రీన్ ఫేజ్ టూలో ఉంటుంది. ఫేజ్ టూకి బడ్జెట్ రాదు. ఈ సంగతి మంత్రికి తెలియదు, కలెక్టర్‌కు తెలియదు, రేషన్ డీలర్‌కు తెలియదు. ఆ గదిలో తెలిసినవాళ్లం మనమే, మనం ల్యాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చుంటాం.

ఇది నా ఒక్కడి అనుభవమైతే ఇంత రాసేవాణ్ని కాదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ ఉంది కదా, పాతిక ముప్పై శాఖల జాబితాలను కలిపి ఒక్కో మనిషికి ఒక్కో బొమ్మ గీసే వ్యవస్థ. పేర్ల జత కలిపే సాఫ్ట్‌వేర్ కూడా హైదరాబాద్ కంపెనీదే. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు నోటీసు కూడా లేకుండా రద్దయ్యాయి, ఆ వడపోతలో ఈ మిషన్ చెయ్యి ఉంది. రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారుందని తేల్చింది, పేరులో ఒక ముక్క తేడా ఉన్న ఇంకెవరిదో కారు. ఆయన పోయాక కూడా ఆ కారు పోలేదు, బియ్యం కోసం అరవై దాటిన ఆయన భార్య హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. కార్డులు మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. దాదాపు 4.9 లక్షల దరఖాస్తులు వచ్చాయి, ఆ జూలై నాటికి 2 లక్షల చిల్లర చూస్తే 15 వేల పైచిలుకు అర్హులే అని తేలింది. నూటికి ఏడెనిమిది మంది. మన పేమెంట్ యాప్‌లో నూటికి ఏడు ట్రాన్సాక్షన్లు ఫెయిలైతే ఏం చేస్తాం? అర్ధరాత్రి వార్ రూమ్, వీపీ కాల్‌లోకి వస్తాడు, పిజ్జాలొస్తాయి, తెల్లారేసరికి ఫిక్స్ వెళ్తుంది. ఇక్కడ ఫెయిలైంది బియ్యం. సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూపించమని విలేకరులు సమాచార హక్కు కింద అడిగితే, దాని మీద హక్కులు కంపెనీవని ప్రభుత్వం ఇవ్వనంది.

ఓటర్ల జాబితా సంగతీ అంతే. 2015లో ఆధార్‌తో కలిపి జాబితా శుభ్రం చేస్తామన్నారు, ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అది ఆగింది, కానీ అప్పటికే లక్షల పేర్లు పోయాయి. 2018 డిసెంబరు పోలింగ్ రోజున మా వీధిలోనే చీటీ పట్టుకుని తిరిగినవాళ్లున్నారు. ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. ఓటు మాత్రం ఆ రోజుకు పోయినట్టే.

ఫోన్ ట్యాపింగ్ కేసులో రాజకీయం నాకొద్దు, ఏ పార్టీవాళ్లు ఏం చేశారన్నది కోర్టులో తేలాలి. నాకు కావలసింది అందులో ఒక్క ముక్క. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలొచ్చాయి. 4వ తేదీ రాత్రి పోలీసుల నిఘా విభాగం ఎస్ఐబీ ఆఫీసులో హార్డ్ డిస్కులు కట్టర్‌తో కోసి మూసీలో పారేశారన్నది పోలీసుల ఆరోపణ. అది నిజమైనా కాకపోయినా మన వృత్తికి ఒక ప్రశ్న మిగులుతుంది. ఎవరి ఫోన్ ఎవరు విన్నారనే లాగ్, విన్నవాళ్ల గదిలోనే, వాళ్ల చేతికి అందే డిస్కులోనే ఉంటే అది లాగ్ ఎలా అవుతుంది? చిన్న కోఆపరేటివ్ బ్యాంకుకు రాసినా మనం అలా రాయం, ఆడిటర్ తంతాడు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి స్థాయి అనుమతి ఉండాలని, దాన్ని ఒక కమిటీ మళ్లీ చూడాలని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కాగితం మీద తాళం ఉంది. మిషన్‌లో ఆ తాళం పెట్టామా లేదా అన్నది మన పని.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి అప్పటికే తొంభై దాటిన పెద్దాయన. ఆ తీర్పులో రాజ్యం మన జీవితంలోకి తొంగి చూడాలంటే దానికి చట్టం ఉందా, అవసరం ఉందా, అవసరానికి తగ్గంత మేరకే చూస్తోందా అని అడగమన్నారు. బాగుంది. తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలొచ్చాయి, ఆ చట్టంలో 17వ సెక్షన్ తెరిచి చూడండి, దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వం తన సంస్థల్ని దాని పరిధి నుంచే తప్పించుకోవచ్చు. మన మేనేజర్లు ఇప్పుడు ఆ సెక్షన్ చూపించే ‘లీగల్ క్లియర్ చేసింది’ అంటారు. లీగల్ వాళ్లు కంపెనీని క్లియర్ చేస్తారు, రిక్షా ఆయన్ని కాదు.

మధ్యలో ఒక నవ్వొచ్చే సంగతి. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మౌస్ కదలికలు కొలిచే సాఫ్ట్‌వేర్ వేశారు. ఐదు నిమిషాలు కదలకపోతే పచ్చ చుక్క పసుపవుతుంది. మా టీమ్‌లో ఒకడు మౌస్‌కు దారం కట్టి టేబుల్ ఫ్యాన్‌కు ముడేశాడు. అది అటూ ఇటూ తిరుగుతుంటే మౌస్ కదులుతుంది, వీడు లోపల పప్పన్నం తింటున్నాడు. అందరం మెచ్చుకున్నాం. నన్ను నమ్మనివాళ్లను నేను మోసం చేస్తే తప్పేంటన్నాడు. ఆ మాటన్నవాడు ఆ వారమంతా రాస్తున్నది ఏమిటో తెలుసా, గ్రామాల్లో పనిచేసే ఉద్యోగులు ఎక్కడున్నారో పావుగంటకోసారి పంపే యాప్. వాళ్లు దొంగ లొకేషన్ పెడుతున్నారని బగ్ వస్తే, ఇంత అన్యాయమా అని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

మీరేమంటారో తెలుసు, నేనూ అదే అన్నాను. నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు. నిజమే, రాస్తాడు. కానీ ఆ ఇంకొకడు కూడా ఇదే అనుకుంటున్నాడు, అతనికి ఆ ఇంకొకడు మనం. ఈఎంఐలున్నాయి అంటారు. నాకూ ఉన్నాయి, మియాపూర్ ఫ్లాట్ ఇంకా పదకొండేళ్లు కట్టాలి. ఉద్యోగం మానేసి జెండా పట్టుకోమని నేను అనడం లేదు, నేను పట్టుకోలేదు. 2018లో గూగుల్‌లో వేలమంది ఉద్యోగులు సంతకాలు పెడితే, డ్రోన్ వీడియోల్ని విశ్లేషించే మేవెన్ అనే సైనిక ప్రాజెక్టు కాంట్రాక్టును కంపెనీ పొడిగించుకోలేదు. అక్కడి జీతాలు, అక్కడి ధీమా వేరు, మనం మూడు నెలల నోటీస్ పీరియడ్‌కే వణికేవాళ్లం. అయినా బ్రిటన్ పోస్టాఫీసు కథ చూడండి. హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఖాతాల్లో డబ్బు తక్కువ ఉన్నట్టు చూపిస్తే, పోస్టాఫీసులు నడుపుకునే మామూలు మనుషులు తొమ్మిది వందల మందికి పైగా దొంగలని శిక్షలు పడ్డాయి. కొందరు జైళ్లకు వెళ్లారు, ఊళ్లో తలెత్తుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల ఖాతాల్లోకి బయటినుంచి ఎవరూ వెళ్లలేరని సంస్థ ఏళ్లపాటు వాదించింది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి వచ్చిన ఒక ఇంజినీరు, మేం వెళ్లేవాళ్లం, మార్చేవాళ్లం అని ముందు టీవీలో, తర్వాత కోర్టులో చెప్పాడు. ఆయన హీరో పని ఏమీ చేయలేదు. తన రోజువారీ పని ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పాడు.

మనం చేయగలిగినవి కూడా అలాంటివే, అంత చిన్నవే. స్క్రీన్ మీద ‘దొరికాడు’ అని ఎర్రగా రాసే బదులు ‘81 శాతం పోలిక, మనిషి చూసి నిర్ధారించాలి’ అని రాస్తే కానిస్టేబుల్ చెయ్యి కాస్త ఆగుతుంది. ఎవరి గురించి వెతుకుతున్నారో, ఎందుకు వెతుకుతున్నారో నింపకపోతే సెర్చ్ బటన్ నొక్కుడుపడకుండా చేయడం అరపూట పని. తొంభై రోజుల తర్వాత ఫోటోలు దానంతటదే తీసేసే చిన్న ప్రోగ్రాం రాయడం ఇంకో అరపూట, దాన్ని జనం వాడే అసలు సిస్టంలో నిజంగా ఆన్ చేశారో లేదో చూడటం ఒక నిమిషం. కులం, మతం కాలమ్ ఎందుకని అడగడం. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, వాటి పక్కనే బ్యాంకు వివరాలు, కులం, మతం ఎవరు పడితే వాళ్లు చూసేలా ఉన్నాయి. ఆ టేబుల్‌లో ఆ కాలమ్‌లు పెట్టినప్పుడు ఎవరో ఒకరు ‘ఇది దేనికి సార్’ అని ఉంటే అవి అక్కడ ఉండేవే కావు, లీకవడానికి. సాయం కట్ చేసే ముందు ఆ మనిషికి తెలుగులో ఒక ఎస్సెమ్మెస్, ఎందుకు కట్ అయింది, ఎక్కడికి రావాలి. బ్యాంకు వాళ్లు పన్నెండు రూపాయలు కోస్తే మెసేజ్ పంపుతారు కదా. ఇవి ఎస్టిమేట్‌లో మొదటే వేయండి, విడిగా వేయకండి. విడిగా వేస్తే వాటినే ముందు కోస్తారు. ఇంకొకటి, మీటింగులో నోటితో చెప్పి ఊరుకోకండి. మెయిల్ పెట్టండి. ‘ఈ లెక్కలో తప్పులు వస్తున్నాయి, శాంపిల్ జత చేశాను’ అని రెండు వాక్యాలు చాలు. రేపు సమాచార హక్కు కిందో కోర్టు అడిగితేనో బయటికొచ్చేది ఆ మెయిలే. నేను మెయిల్ పెట్టలేదు, నోటితో చెప్పాను, అందుకే ఇప్పుడు నేను అడిగానని చెప్పడానికి నా మాట తప్ప ఏమీ లేదు.

మా పెద్దమ్మ మిర్చి యార్డులో కాయ తొడిమలు తీసీ తీసీ వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ షాపులో మిషన్ ముందు ఒక్కో వేలూ పెట్టి చూసేది. ఎర్ర లైటు వెలిగితే చెయ్యి చీరకు తుడుచుకుని మళ్లీ పెట్టేది, తప్పు తన చేతిదే అన్నట్టు. నేను పక్కనే నిలబడి ఉన్నాను ఒకసారి. ఈ మిషన్లు చేసేది మీవాళ్లేనా నాయనా అని అడిగింది. కాదు పెద్దమ్మా, మాది వేరే అన్నాను.

ఆ కంపెనీ వదిలిన రోజున నా పేరు మీదున్న టికెట్లు ఇంకొకరికి అప్పజెప్పాను. అన్నీ కాదు. అప్పీల్ స్క్రీన్ టికెట్‌ను ఎవరూ తీసుకోలేదు, స్టేటస్ ‘టు డూ’, ప్రయారిటీ ‘లో’, కింద నేను పెట్టిన ఒక్క కామెంట్ ఉంది, ‘ఫేజ్ టూ’ అని. ఆ ప్రాజెక్టు చేతులు మారి ఇంకా నడుస్తూనే ఉందని విన్నాను. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా ఇప్పుడు అందులో ఉంటే, మిగిలిపోయిన పనుల జాబితా, అదే బ్యాక్‌లాగ్‌లో బాగా కిందికి వెళ్లి వెతకండి, దొరుకుతుంది. డిజైన్ కూడా జత చేసే ఉంది. రెండు స్ప్రింట్ల పని.

ఉంటాను.
అమీర్‌పేట కోచింగ్, 2006 బ్యాచ్